ఒకే లెక్క – ఒకే చోటు
(సంఘాల కార్యదర్శులకు, టెస్టర్లకు, అకౌంటెంట్లకు పాఠం)

కొన్నేళ్ల క్రితం ఒక పాల శీతలీకరణ కేంద్రంలో లెక్కలు తనిఖీ చేస్తుండగా ఒక పెద్దమ్మ వచ్చింది. ఒక్క గేదె ఆమెకు ఆధారం. "పదిహేను రోజులు పోసిన పాలు ఎవరి లెక్కలో కలిపారయ్యా?" అని అడిగింది.

విచారించగా విషయం తేలింది. ముందు గదిలోని కంప్యూటరులో ఆమె పాలు వేరొకరి నంబరు కింద ఎక్కాయి. టెస్టరు గమనించి దిద్దాడు. కాని అప్పటికే ఆ ఫైలు పెన్‌డ్రైవులో వెనుక గదిలోని అకౌంటెంటుకు చేరింది. దిద్దక ముందున్న నకలుతోనే బిల్లు తయారై బ్యాంకుకు పోయింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఒకే లెక్కకు రెండు నకళ్లు ఉండటమే లోపం. పెన్‌డ్రైవులో పంపుకోమని అంతకుముందు తనిఖీలో సలహా ఇచ్చినవాణ్ణి నేనే. కావున ఈ పాఠం మొదట నాకే వర్తిస్తుంది.

లోకల్ నెట్‌వర్క్ అంటే ఏమిటి?

ఒకే కార్యాలయంలోని కంప్యూటర్లను కేబుల్ ద్వారా గాని, వైఫై ద్వారా గాని ఒకే రౌటరుకు కలిపితే అది లోకల్ నెట్‌వర్క్ అవుతుంది. ఇంటర్నెట్ లేని రోజున కూడా ఇది పనిచేస్తుంది. ఒక కంప్యూటరులోని ఫోల్డరును మిగిలినవారు తమ బల్ల దగ్గర నుండే తెరిచేందుకు అనుమతించటం షేరింగ్. మన మినిట్స్ పుస్తకం వంటిదే ఇది. పుస్తకం ఒక్కటే. చదివేవారు పలువురు, రాసేవారు ఒక్కరు.

చేయవలసిన పద్ధతి (విండోస్ 10, 11)

1. సేకరణ లెక్క ఉన్న కంప్యూటరు పనివేళల్లో ఆగకూడదు. అది 'స్లీప్'లోకి పోతే ఫోల్డరు ఎవరికీ అందదు. కావున సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ఆపాలి.

2. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'ప్రైవేట్' ఎంచుకొని, 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్'ను ఆన్ చేయాలి. పాస్‌వర్డు రక్షణను మాత్రం తీసివేయరాదు.

3. ఆ కంప్యూటరులో అకౌంటెంటు పేర విడిగా ఒక యూజర్ ఖాతా, పాస్‌వర్డు ఏర్పాటు చేయాలి.

4. 'సేకరణ' అని ఒక ఫోల్డరు తెరవాలి. దానిని మాత్రమే షేర్ చేయాలి. మొత్తం డ్రైవును షేర్ చేయటం బీరువా తాళాలు బజారులో పెట్టటమే.

5. ఫోల్డరుపై కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్ వరకు వెళ్లాలి. 'ఎవ్రీవన్' పేరు తీసివేసి, అకౌంటెంటు ఖాతాను చేర్చి 'రీడ్' మాత్రమే ఇవ్వాలి. 'చేంజ్' ఇస్తే దిద్దగలరు, చెరపగలరు.

6. పక్కనున్న 'సెక్యూరిటీ' పేజీలో కూడా ఆ ఖాతాకు చదివే హక్కు ఉండాలి. నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. "షేర్ చేశాను గాని తెరుచుకోవటం లేదు" అనే ఫిర్యాదుకు తరచు ఇదే కారణం.

7. రెండో కంప్యూటరులో విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కాలి. వచ్చిన గడిలో రెండు వెనుక వాలుగీతలు, కంప్యూటరు పేరు, మరొక వెనుక వాలుగీత, ఫోల్డరు పేరు వరుసగా కొట్టాలి. ఖాతా పేరు, పాస్‌వర్డు అడుగుతుంది.

జాగ్రత్తలు

ఎక్సెల్ ఫైలు ఒకరు తెరిచి ఉండగా రెండోవారు తెరిస్తే, చదవటానికి మాత్రమే అన్న హెచ్చరిక వస్తుంది. అప్పుడు వేరే పేరుతో దాచుకోరాదు. అట్లా దాచుకుంటే మళ్లీ రెండు నకళ్లు తయారవుతాయి.

నెట్‌వర్క్ ద్వారా చెరిపిన ఫైలు సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి పోదు. కావున ప్రతి పక్షం ఒక నకలు బయటి హార్డ్‌డిస్కులో దాచి, డిస్కును తీసి బీరువాలో పెట్టాలి. ఆ నకలు భద్రతకే గాని బిల్లుకు కాదు.

2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ విండోస్ షేరింగ్‌లోని లోపం ద్వారా ఒక కంప్యూటరు నుండి మరొకదానికి పాకి, ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. దానిని వేసుకోనివారు నష్టపోయారు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని కూడా గుర్తుంచుకోవాలి.

సభ్యుల ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలను ఈ ఫోల్డరులో ఉంచరాదు. వచ్చిపోయేవారికి ఈ వైఫై పాస్‌వర్డు చెప్పరాదు.

చివరి మాట

షేరింగ్ ఒక్కటే తప్పును ఆపదు. దిద్దుబాట్లు పూర్తయ్యాయని టెస్టరు రిజిస్టరులో సంతకం చేసిన తరువాతే అకౌంటెంటు బిల్లు మొదలుపెట్టాలి.

ఆ పెద్దమ్మకు రావలసిన సొమ్ము తరువాతి పక్షం బిల్లులో జమ అయింది. కాని అంతవరకు ఆమె గేదెకు దాణా అప్పు తెచ్చి పెట్టింది. ఆ అప్పు మన లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

అభ్యాసం: మీ సంఘంలో ఈ పక్షం సేకరణ ఫైలు ఎన్నిచోట్ల ఉందో ఈ రోజే లెక్కించండి. బీరువాలో దాచిన నకలు గాక ఒకటికి మించి ఉంటే, పై పద్ధతిని వచ్చే బిల్లులోగా అమలు చేయండి.