నంది కొండ దారి: సైకిలువారికి ఒక పాఠం

ఆదివారం నాడు చీకటి విడవకముందే హెబ్బాళ పైవంతెన దగ్గర కాసేపు నిలుచుంటే సైకిళ్ళు ఇద్దరు ముగ్గురుగా ఉత్తర దిక్కుకు సాగిపోవడం కనిపిస్తుంది. ముందు తెల్లని దీపం, వెనుక ఎర్రని మిణుకు, తలకు హెల్మెట్. వారిలో అధికులు పోయేది నంది కొండకు. నగర మధ్యభాగం నుండి అది సుమారు 60 కిలోమీటర్లు. వారమంతా కుర్చీకి అంటుకొని పనిచేసిన ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు కూడా అందులో ఉంటారు. చీకట్లో ఎవరో "ఆగరా, చైను పడిపోయింది" అని తెలుగులో కేక వేస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ పాఠానికి విషయం ఆ దారిని చదవడం. సైకిలు తొక్కడం బాల్యంలోనే అబ్బినవారికి సైతం పల్లెదారిని చదవడం వేరొక విద్య. నగరంలో రోడ్డు ప్రధానంగా రాకపోకలకు ఉద్దేశించినది. ఊరు దాటాక అదే రోడ్డు తెల్లవారుజామున పాల బిందెల బాట, కొన్ని నెలల్లో కళ్ళం, ఎల్లవేళలా పశువుల దారి. అది మరొకరి పనిచోటు అన్న సంగతి మరచి తొక్కేవారే పడటం నేను ఎక్కువగా చూశాను. అందులో నేనూ ఉన్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఈ దిక్కు మనకు పరాయిది కాదు

నంది కొండల ప్రాంతం నాలుగైదు నదులకు పుట్టినిల్లు. ఉత్తర పినాకిని అనబడే మన పెన్న ఈ కొండల వరుసలోనే పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు సాగి, అనంతపురం, కడప సీమలను తడిపి నెల్లూరు దాటాక సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి కూడా ఈ ప్రాంతానివే. నెల్లూరు నుండి ఉద్యోగార్థం బెంగళూరు వచ్చినవారు సెలవునాడు నంది వైపు తొక్కితే తమ ఊరి ఏటి మొదటికి చేరువవుతున్నారన్నమాట.

నంది కొండకు, చిక్కబళ్ళాపురానికి నడుమ ఉన్న ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్య గారి స్వగ్రామం. ఆయన ఇంటిపేరు మోక్షగుండం. అది ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు ప్రాంతపు ఊరి పేరు. పూర్వికులు అక్కడి నుండి వలస వచ్చిన తెలుగువారు. మరికొంత ఉత్తరానికి పోతే బాగేపల్లి, తూర్పుకు తిరిగితే చింతామణి. ఆ సీమలో తెలుగు నేటికీ ఇళ్ళలో, సంతలో వినబడే భాష. చింతామణి దగ్గరి కైవారంలో యోగి నారేయణ యతీంద్రులు తెలుగులోను, కన్నడంలోను కీర్తనలు రచించారు. కనుక ఈ దారిలో సహాయం అడగవలసివస్తే మీ నోట తెలుగు వచ్చినా తడబడవలసిన పని ఉండదు. అయితే ముందుగా కన్నడంలో పలకరించడం మర్యాద. తెలుగు వారికై వారే తీస్తారు.

దారి పలకలు

హెబ్బాళ నుండి జాతీయ రహదారి 44 వెంట ఎలహంక, చిక్కజాల, దేవనహళ్ళి, అవతి మీదుగా నంది క్రాసు వరకు పోయి, అక్కడ ఎడమకు తిరగాలి. రహదారిపై సైకిలుకు తగిన తావు సర్వీసు రోడ్డే. విమానాశ్రయానికి పరుగెత్తే టాక్సీల నడుమ ప్రధాన మార్గంలో తొక్కడం ధైర్యమనిపించుకోదు. కొన్ని రహదారులలో అది నిషిద్ధం కూడా. బెంగళూరు–మైసూరు వేగమార్గపు ప్రధాన భాగంలోకి 2023 ఆగస్టు 1 నుండి ద్విచక్ర వాహనాలను, ఆటోలను, ఇంజను లేని బండ్లను అనుమతించడం లేదు. అక్కడ సర్వీసు రోడ్డులో మాత్రమే తొక్కాలి. 'ప్రవేశవిల్ల' అన్న పలక కనబడితే 'ప్రవేశం లేదు' అని గ్రహించాలి.

అనువాదం వృత్తిగా గలవాణ్ణి గనుక పలకల గురించి కొంచెం ఎక్కువ చెప్పడానికి పాఠకులు అనుమతించాలి. కన్నడ, తెలుగు లిపులు ఒకే తల్లి బిడ్డలు. నాలుగు రోజులు శ్రద్ధ పెడితే కన్నడ అక్షరాలు మనకు కొరుకుడుపడతాయి. అసలు చిక్కు అర్థాల దగ్గర వస్తుంది. 'రస్తె ఉబ్బు' అంటే రోడ్డుపై ఎత్తుగా కట్టిన స్పీడు బ్రేకరు. మన 'ఉబ్బు'తో కలిపి చూస్తే వెంటనే బోధపడుతుంది. 'ముందె తిరువు ఇదె' అంటే ముందు మలుపు ఉన్నదని. 'నిధానవాగి చలిసి' అంటే నిదానంగా సాగండి. 'కామగారి ప్రగతియల్లిదె' అంటే పని జరుగుతున్నది. కంకర పోసి ఉంటుందని సైకిలువారు అర్థం చేసుకోవాలి. 'అపఘాత వలయ' అంటే తరచు ప్రమాదాలు జరిగే చోటు. 'శాలా వలయ' అంటే బడి దగ్గరపడిందని.

మోసపుచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. దారి అడిగినప్పుడు 'బలక్కె హోగి' అంటే బలంగా తొక్కమని కాదు, కుడికి పొమ్మని. 'ఎడక్కె' అంటే ఎడమకు. 'నేర హోగి' అంటే తిన్నగా పొమ్మని. అందులో నేరమేమీ లేదు. 'హళ్ళి' అంటే పల్లె. 'హళ్ళ' అంటే వాగు, లేదా పల్లం. ముందు 'హళ్ళ' ఉన్నదని ఒకరు చెప్పగా, ఊరు వస్తుందని కాఫీ ఆశతో వేగం పెంచిన మిత్రుని ముందు చక్రం రిమ్ము వంగిపోయింది.

రోడ్డు కళ్ళమైన వేళ

నంది క్రాసు దాటాక దారి సన్నబడుతుంది. ఇరువైపులా ద్రాక్ష పందిళ్ళు, పట్టుపురుగులకు మేతగా పెంచే మల్బరీ చేలు, పూల తోటలు. ఇక్కడి 'బెంగళూరు నీలి' ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఉదయం ఆరు గంటల వేళకు స్కూటర్లకు ఇరువైపులా పాల క్యాన్లు వేలాడదీసుకొని రైతులు పాల కేంద్రానికి పోతుంటారు. ఆ క్యాన్ల వెడల్పును బండి నడిపేవారు లెక్కవేయగలరు. పక్క నుండి దూరబోయే సైకిలువారు లెక్కవేయలేరు. కనుక వారిని పోనివ్వండి.

నవంబరు నుండి జనవరి వరకు మరొక సంగతి. రాగి, ఉలవ, అనుము కోతలయ్యాక చాలామంది రైతులు పంటను రోడ్డుపై పరచి, పోయే బండ్ల చక్రాల కింద నూర్పిడి జరగనిస్తారు. చట్టరీత్యా అది సరికాదు. అధికారులు వద్దని చెబుతూనే ఉన్నారు. చిన్న కమతం గలవారికి విడిగా కళ్ళం లేకపోవడం, నూర్పిడి యంత్రానికి బాడుగ కట్టవలసిరావడం దీనికి కారణాలు. కారుకు అది మెత్తని పరుపు వంటిది. సన్నని టైరు గల సైకిలుకు జారుడుబల్ల. ఉలవ తీగ మరీ ప్రమాదకరం. గేరు పళ్ళలోను, చైనులోను చుట్టుకొని చక్రాన్ని ఉన్నఫళంగా బిగించివేస్తుంది.

నేను పడింది అటువంటి చోటే. ముందు పోయే మిత్రులను అందుకోవాలన్న తొందరలో ఉలవ కట్టె మీదుగా తొక్కి, నడుమ బ్రేకు వేశాను. మోచేయి గీసుకుపోయింది. పంటను తిరగవేస్తున్న ఒక ముసలమ్మ పార పక్కన పెట్టి వచ్చి, "నిదానంగా పోకూడదా నాయనా, ఉలవల మీద పడితివే!" అని చేయి అందించింది. ఆమె బాధ నా మోచేయి గురించో ఉలవల గురించో నాకు నేటికీ స్పష్టం కాలేదు. చెదిరిన పంటను నేను రెండు చేతులా దగ్గరకు తోయబోతే, "అట్ల కాదు, పక్కకు రా" అని తానే సర్దుకొన్నది. నీళ్ళు తెచ్చి గాయం కడిగింది కూడా ఆమే.

అందుచేత ఆచరించవలసిన పద్ధతి ఇది. దూరాన రోడ్డు రంగు మారినట్లు కనబడగానే వేగం తగ్గించాలి. పంట లేని అంచు ఉంటే ఆ అంచున, లేకుంటే దిగి నడిపించుకొని పోవాలి. తప్పనిసరై మీదుగా పోవలసివస్తే హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు వేయకుండా, నెమ్మదిగా తిన్నగా పోవాలి. రోడ్డు మీకెవరు ఇచ్చారని రైతుతో వాదించడం వలన ఆ ఉదయం ఎవరికీ లాభం లేదు.

కుక్కల విషయం క్లుప్తంగా చెబుతాను. తరుముతుంటే వేగంగా పారిపోవడం కన్నా ఆగి, సైకిలును అడ్డంగా నిలుపుకొని, నెమ్మదిగా నడవడం మేలు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ఆసుపత్రికో పోయి టీకా వేయించుకోవాలి. చిన్న గీతే కదా అని ఉపేక్షించరాదు.

ఎక్కడం, దిగడం

నంది కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. ఘాటు రోడ్డు సుమారు ఏడున్నర కిలోమీటర్లలో 450 మీటర్ల వరకు ఎక్కిస్తుంది. అంటే సగటున వంద మీటర్ల దూరానికి ఆరు మీటర్ల ఎత్తు. మొదటి కిలోమీటరులో ఉత్సాహపడినవారు నడి కొండలో దిగి తోయడం సర్వసాధారణం. మొదటి మలుపు రాకముందే తేలిక గేరుకు మార్చుకొని, పక్కవారితో మాట్లాడగలిగినంత ఊపిరి మిగిలే వేగంతో ఎక్కాలి. పెడలు బరువెక్కిన తరువాత గేరు మార్చితే చైను తెగే అవకాశం ఉన్నది. గేర్లు లేని సైకిలుతో వచ్చినవారు తోసుకుంటూ పోవడంలో చిన్నతనమేమీ లేదు. గంటకు అర లీటరుకు తగ్గకుండా నీరు తాగుతుండాలి. దాహమైనాక తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. కొండపై ద్వారం తెరిచే వేళలు, వారాంతపు ఆంక్షలు మారుతుంటాయి గనుక ముందునాడే తెలుసుకొని బయలుదేరాలి.

ఎక్కడంలో అలసట ఉన్నది, దిగడంలో అపాయం ఉన్నది. దిగేటప్పుడు బ్రేకును ఆసాంతం నొక్కిపట్టి ఉంచితే బ్రేకు రబ్బర్లు, రిమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. మితిమీరిన వేడికి ట్యూబు పగలవచ్చు. నొక్కి వదలుతూ, రెండు బ్రేకులనూ వాడుతూ, వేగాన్ని మలుపుకు ముందే తగ్గించుకోవాలి. మలుపులో ఉన్నప్పుడు బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. శరీరాన్ని సీటుపై కాస్త వెనుకకు జరుపుకోవాలి. ఎడమ అంచును వదలి నడి రోడ్డుకు రావద్దు. సూర్యోదయానికి ఆలస్యమైన కార్లు అదే మలుపులో పైకి దూసుకొస్తుంటాయి. చలికాలపు ఉదయాలలో మంచు దట్టంగా కమ్మి పది అడుగుల అవతల ఏమున్నదో తెలియదు. అప్పుడు దీపాలు వెలిగించుకొని మంచు విడిచేదాకా పైన ఆగడమే మంచిది.

ప్రమాదం జరిగితే

112కు గాని, 108కు గాని ఫోను చేయాలి. ఉన్న చోటు చెప్పడానికి దగ్గరి కిలోమీటరు రాయి సంఖ్య, లేదా ఊరి పేరు కన్నడంలో ఎలా పలుకుతారో అలాగే చెప్పండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన వ్యక్తిని తన పేరు, చిరునామా చెప్పి తీరాలని నిర్బంధించరాదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షను వారికి రక్షణ కల్పిస్తున్నది. ఆ భయంతో వెనుకాడే గ్రామస్థులకు ఈ సంగతి చెప్పండి.

సైకిలుకు బీమా లేదు గనుక పరిహారం రాదని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. మోటారు బండి ఢీకొని, దాని నంబరు తెలియక పోయినప్పుడు కూడా, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న పథకం ప్రకారం మరణిస్తే రెండు లక్షల రూపాయలు, తీవ్ర గాయమైతే 50,000 రూపాయలు అందవలసి ఉన్నది. ప్రమాదం జరిగిన తాలూకాలోని రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి. అందుకు పోలీసు ఫిర్యాదు, ఆసుపత్రి కాగితాలు ఆధారం. కనుక దెబ్బ చిన్నదనిపించినా ఫిర్యాదు నమోదు చేయించండి. మోటారు వాహన ప్రమాదాల బాధితులకు నిర్దేశిత ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స పొందే పథకం 2025లో వచ్చింది. ఉలవల మీద తానుగా పడినవారికి ఇవేవీ వర్తించవని వేరుగా చెప్పనక్కరలేదు.

తిరుగు ప్రయాణం

నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం కొండ పాదంలోనే ఉన్నది. దాని ఆరంభం తొమ్మిదవ శతాబ్ది నాటిది. కోనేటి మెట్లపై పది నిమిషాలు కూర్చుంటే కాళ్ళు సర్దుకుంటాయి. పలహారం చేసి ఎనిమిది గంటలలోపు బయలుదేరడం మంచిది. తిరిగి వచ్చేటప్పుడు నంది క్రాసు వద్ద రహదారిని దాటి అవతలి వైపు చేరవలసి ఉంటుంది; అక్కడ దిగి నడిచే దాటాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు గాలి పడమటి, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది గనుక, ఉదయం వెన్ను తట్టిన గాలే ఇంటిదారిలో ఎదురు నిలుస్తుంది. పోయేటప్పుడు రెండున్నర గంటలు పట్టిన దూరం వచ్చేటప్పుడు మూడు దాటితే మీ కాళ్ళను నిందించకండి.

పంచరు సామగ్రి, ఒక ట్యూబు, గాలి పంపు వెంట ఉండాలి. ఆదివారం ఉదయం దారిలోని పంచరు అంగళ్ళు తెరిచి ఉండవు. ద్రాక్ష కాలమైతే దేవనహళ్ళి పరిసరాలలో రోడ్డు పక్కన బుట్టలు పెట్టి అమ్ముతారు. వీపు సంచిలో అర కిలోకు మించి వేసుకోకండి; హెబ్బాళ చేరేసరికి రసం చొక్కాకు దిగుతుంది.