దూరమున మందగించు నమూనా రైలు

ప్రశ్న: మా 12 వోల్టుల నమూనా రైలుమార్గముపై ఇంజను సరఫరాపెట్టెకు దూరమైనకొలది మందగించుచున్నది. మల్టీమీటరుతో లోపము నెట్లు కనుగొనవలెను?

జవాబు: మీటరును డి.సి. 20 వోల్టులపై నిలిపి పెట్టెయొద్దను, దూరపు పట్టాలమీదను కొలువుడు. అయితే ప్రవాహము లేనివేళ అతుకు ఎంత చెడియున్నను వోల్టేజి తగ్గక రెండుచోట్లను ఒకే అంకె కనబడి మోసగించును గనుక, 12 వోల్టుల చిన్న కారుబల్బును దూరపు పట్టాలకు తగిలించి, అది వెలుగుచుండగానే కొలువవలెను. పిదప ప్రోబులను ఒకే పట్టాయందలి ప్రతి అతుకునకు ఇరువైపుల ఆనించుచు రండు. మంచి అతుకువద్ద సున్నకు చేరువగా నుండు అంకె ఒకచోట అర వోల్టో, ఒక వోల్టో అయినచో దోష మచ్చటనే యున్నది. పట్టాలను కలుపు జాయినరులు మలినము పట్టి వదులగుట సర్వసాధారణము. వాటిని తుడుచుటకంటె పట్టాముక్కలకు విడివిడిగా సరఫరాతీగలను సోల్డరు చేయుటయే శాశ్వతోపాయమని నా దృఢాభిప్రాయము. ఓములలో కొలువదలచినచో సరఫరా నాపి, ఇంజనును, బల్బును తప్పక తొలగింపుడు. లేనిచో మోటారు చుట్టలగుండ వచ్చు అంకెను షార్టని భ్రమింతురు.