హరికేన్ల పట్టిక – లెక్కకు సాక్ష్యం

పట్టిక తయారుచేయడం పాండిత్యం అక్కరలేని పని అని చాలామంది అభిప్రాయం. వరుస సంఖ్య, పేరు, సంవత్సరం, గాలివేగం, మృతుల సంఖ్య – ఈ గళ్లు గీసి నింపితే చాలునని అనుకుంటారు. మేమూ ఒకప్పుడు అట్లే అనుకున్నాము. కాని పెనుతుపానుల పట్టికలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూచినప్పుడు, ఒకే తుపానుకు ఒకచోట మూడు వేలమంది, మరొకచోట మూడు లక్షలమంది మృతులు కనిపించారు. ఆనాటినుండి పట్టికను చూచే మా దృష్టి మారినది.

నేడు అంతర్జాలంలో దేశదేశాల ఔత్సాహికులు చేతులు కలిపి ఇటువంటి పట్టికలను కూర్చుతున్నారు. మన విద్యార్థులు తమ వ్యాసాలకు వాటినుండే సమాచారం గ్రహిస్తున్నారు. కనుక పలువురు కలిసి కూర్చే పట్టిక నాణ్యతను ఎట్లు పెంచవలెనో, ప్రతి అంకెకు ఆధారం ఎట్లు చూపవలెనో అట్లాంటిక్ మహాసముద్రపు హరికేన్లను ఉదాహరణగా తీసుకొని వివరించదలచాము. మన బంగాళాఖాతపు పెనుతుపాను, ఆ హరికేను ఒకే జాతికి చెందినవి. పేరే వేరు.

ఏది చేర్చవలెను?

పట్టికకు మొదట కావలసినది సరిహద్దు. ఉష్ణమండల తుపానులో గాలి వేగం గంటకు 119 కిలోమీటర్లకు చేరినప్పుడే అది హరికేను అనిపించుకొంటుంది. ఇది స్పష్టమైన గీత. కాని ‘ఘోరమైన హరికేన్లు’ అని శీర్షిక పెట్టినచో చిక్కు మొదలవుతుంది. ఘోరమనగా ప్రాణనష్టమా, గాలివేగమా, ఆస్తినష్టమా?

1780 అక్టోబరులో బార్బడోస్, మార్టినిక్ దీవులను ముంచెత్తిన మహా హరికేనులో సుమారు 22,000 మంది మరణించినట్లు అంచనా. ప్రాణనష్టపు పట్టికలో దానికి అగ్రస్థానం తప్పదు. కాని గాలివేగపు పట్టికలో దానిని ఎక్కడ ఉంచుటకూ వీలులేదు. ఆనాడు వేగాన్ని కొలిచిన నమ్మదగిన పరికరం లేదు గదా! 1992లో ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ సంగతి దీనికి విరుద్ధం. వేగంలో అది అత్యున్నతమైన ఐదవ శ్రేణికి చెందినది. మృతులు మాత్రం నూరుమంది లోపే. ఏ కొలతతో కూర్చుచున్నామో పట్టిక తలపైనే వ్రాయనిచో, చేరవలసినది చేరదు, చేరకూడనిది చేరుతుంది.

మూలగ్రంథం ఏది?

అట్లాంటిక్ తుపానుల మార్గాలకు, వేగాలకు ప్రధానాధారం అమెరికా జాతీయ హరికేన్ కేంద్రంవారి ‘హర్‌డాట్’ అనే దత్తాంశ భాండారం. 1960 దశకంలో అంతరిక్ష కార్యక్రమపు అవసరాల కొరకు మొదలైన ఈ లెక్క, ప్రతి తుపాను స్థానాన్ని, వేగాన్ని ఆరుగంటల కొకసారి నమోదు చేస్తుంది. మొదట 1886తో ఆరంభమైన ఈ భాండారం తరువాత 1851 వరకు వెనుకకు విస్తరించినది. ఆ విస్తరణకు పునాది వేసినవారిలో హొసే ఫెర్నాండెజ్ పార్టగాస్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. ఆయన గ్రంథాలయంలో కూర్చుండి పాత వార్తాపత్రికలను, ఓడల సమాచారాన్ని ఒక్కొక్కటిగా పరిశీలించి, మరుగునపడిన తుపానులను వెలికితీసినాడు. చక్కని పట్టిక వెనుక ఇటువంటి తపస్సు ఉంటుంది.

అయితే మూలగ్రంథం కూడ మారుతూ ఉంటుంది. ఆండ్రూను మొదట నాల్గవ శ్రేణిలో ఉంచారు. పదేండ్ల తరువాత, 2002లో, కొత్త పరిశీలనల వెలుగులో దానిని ఐదవ శ్రేణికి చేర్చారు. కనుక ఏ గ్రంథమో చెప్పుటతో పాటు, ఏనాటి ప్రతియో, దానిని మనం ఏ తేదీన చూచితిమో కూడ వ్రాయవలెను.

కొలమానం, కాలమానం

ఆండ్రూ విషయంలోనే మరొక పాఠం ఉన్నది. తొలి అంచనాలో దాని వేగం గంటకు 145 మైళ్లు. సవరించిన అంచనాలో 145 నాట్లు, అనగా గంటకు సుమారు 165 మైళ్లు. అంకె రెండుచోట్లా 145 మాత్రమే! కొలమానం వ్రాయని పట్టికలో ఈ సవరణ జరిగినట్లే తెలియదు. అమెరికావారు ఒక నిమిషపు సగటు వేగాన్ని లెక్కకు తీసుకుంటే, మన భారత వాతావరణ శాఖవారు మూడు నిమిషాల సగటును తీసుకుంటారు. రెండింటిని ఒకే వరుసలో పెట్టి ‘ఇది దానికంటె గొప్పది’ అనుట సరికాదు.

తేదీలలోనూ ఇటువంటి తికమక ఉన్నది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నగరాన్ని నాశనం చేసిన హరికేను 1900 సెప్టెంబరు 8వ తేదీ రాత్రి తీరం దాటినది. స్థానికులకు అది 8వ తేదీ. అంతర్జాతీయ కాలమానంలో అప్పటికే 9వ తేదీ. రెండు తేదీలూ తప్పుకావు. ఏ కాలమానమో చెప్పకపోవుటయే తప్పు.

మృతుల లెక్క

పట్టికలో అన్నిటికంటె బరువైన గడి ఇది. గాల్వెస్టన్ మృతులు 8,000 అని సాధారణంగా వ్రాస్తారు. అంచనాలు మాత్రం 6,000 నుండి 12,000 వరకు ఉన్నవి. అటువంటిచోట ఒక్క అంకెను ఎన్నుకొని గడిలో పెట్టుట లేని నిశ్చయాన్ని నటించుటే. రెండు అంచులనూ చూపుటే నిజాయితీ.

2017 సెప్టెంబరు 20న మరియా హరికేను ప్యూర్టోరికోను దాటినది. తొలి అధికారిక లెక్క 64. మరుసటి సంవత్సరం జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు, తుపాను తరువాతి నెలలలో సాధారణ స్థాయికి మించి సంభవించిన మరణాలను గణించి 2,975 అని తేల్చారు. అక్కడి ప్రభుత్వం దానిని అంగీకరించినది. గాలికి, నీటికి నేరుగా చనిపోయినవారు కొందరే. విద్యుత్తు లేక, వైద్యం అందక ప్రాణాలు విడిచినవారు అనేకులు. 64 అనే అంకెయే నిలిచినచో, ఆ మిగిలినవారు చరిత్రకు చనిపోనట్లే. తుపాను వెలిసిన తరువాత ఆసుపత్రులను కాపాడుకోవలెననే గుణపాఠమూ వారితోపాటే మరుగున పడేది.

సవరణ ఎల్లప్పుడూ పైకే పోదు. 2005 నాటి కత్రీనా హరికేనుకు 1,833 మంది బలియైనారని ఏండ్ల తరబడి వ్రాశారు. 2023లో హరికేన్ కేంద్రంవారు తమ నివేదికను సవరించి 1,392 అన్నారు. పెంచుటలో సానుభూతి, తగ్గించుటలో నిర్దయ ఉన్నదని భావించరాదు. ఉండవలసినది సత్యమే.

గొర్రెదాటు

ఇక మేము మొదట చెప్పిన మూడు లక్షల సంగతి. 1737 అక్టోబరులో కలకత్తాను తాకిన తుపానులో 20,000 నౌకలు మునిగి, 3,00,000 మంది మరణించారని అనేక పట్టికలలో ఉన్నది. మేమూ కొన్నేండ్లు తరగతిలో అదే చెప్పినాము. ఎక్కడిదని ఏ విద్యార్థీ అడుగలేదు. మమ్ము మేమూ అడుగుకొనలేదు. 1994లో రోజర్ బిల్‌హామ్ అనే భూభౌతిక శాస్త్రజ్ఞుడు ఆనాటి పత్రాలను పరిశీలించగా, కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి నివేదికలో నగరపు మృతులు 3,000 అనియే ఉన్నది. మూడు లక్షల మాట దూరాన ఉన్నవారికి చేరిన ఓడల కబురు.

మరొక వింత. మన గోదావరి తీరపు కోరంగిని 1839 నవంబరులో ముంచిన తుపానుకు కూడ పట్టికలు అవే 20,000 నౌకలను, అవే 3,00,000 మరణాలను చూపుతున్నవి. నూరేండ్ల అంతరంతో రెండు తుపానులు ఒకే లెక్క ప్రకారం జనాన్ని పొట్టనబెట్టుకొన్నవా? కోరంగి రేవు నాశనమైనమాట నిజమే. ఈ జంట అంకెలను మాత్రం అనుమానించక తప్పదు. ఒక పుస్తకాన్ని చూచి మరొకటి, దానిని చూచి ఇంకొకటి వ్రాసినచో, పది పుస్తకాలున్నా సాక్షి ఒక్కడే. అందరూ అన్నంత మాత్రాన కాకిలెక్క కచ్చితపు లెక్క కాదు.

మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ‘సనద్’ అనే మాట సుపరిచితం. ఈ మాట ఎవరినుండి ఎవరికి, ఏ వరుసలో చేరినదో తెలుపు గొలుసు అది. గొలుసులో ఒక్క లంకె తెగినా మాట బలం తగ్గుతుంది. పట్టికలోని ప్రతి అంకెకు అట్టి గొలుసు కావలెను.

మనం చేయదగినది

విద్యార్థులారా! మీలో ఒక్కొక్కరు ఏదైన పట్టికలోని ఒక్క వరుసను తీసుకొనండి. ప్రతి గడిలోని అంకె ఎక్కడనుండి వచ్చినదో వెనుకకు నడిచి చూడండి. తొలి సాక్షి దొరికినచో వ్రాయండి. దొరకనిచో ‘ఆధారం లేదు’ అని ధైర్యంగా వ్రాయండి. అదీ విజ్ఞానమే.

ఈ పని మన గడపలోనూ ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. అధికార లెక్క పదివేలకు చేరువ. వాస్తవం అంతకు మించినదని ఆ ప్రాంతంవారి నమ్మకం. ఆ రాత్రి చెట్టుకొమ్మలు పట్టుకొని బ్రతికినవారు నేడు వృద్ధులు. తీరప్రాంతపు విద్యార్థులు సెలవులలో వారివద్ద కూర్చుండి, ఇంటింటి పేర్లు, తేదీలు వ్రాసుకొనవలెను. ఆ సాక్షులు ఎల్లకాలం ఉండరు. ఇట్టి వ్రాతలకు, పాత గెజిటీర్లకు, వార్తాపత్రికల బైండ్లకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించవలసినదిగా కళాశాల కార్యవర్గం వారిని సవినయంగా కోరుతున్నాము.

కరకట్ట ఎంత ఎత్తు ఉండవలెనో, తుపాను షెల్టరులో ఎందరికి చోటుండవలెనో నిర్ణయించేవారు గడచిన తుపానుల లెక్కలనే చూస్తారు. తప్పు లెక్కతో కట్టిన గోడ సరియైన అలకు ఆగదు. పట్టికలోని ప్రతి అంకె వెనుక ఒక ఇల్లు, ఒక దీపం ఉండినవి. ఆ దీపాల సంఖ్యను పెంచుటకు గాని, తగ్గించుటకు గాని మనకు అధికారం లేదు. లెక్కించుట మాత్రమే మన బాధ్యత.