మెర్కిల్ తొక్కని బేస్: 1908 బేస్‌బాల్ సీజన్ కథ

పుస్తకంలో ఉండి కూడా మైదానంలో ఎవరూ వాడని రూల్స్ ప్రతి ఆటలోనూ కొన్ని ఉంటాయి. 2019 ఐపీఎల్‌లో బంతి వేయకముందే క్రీజు దాటిన బట్లర్‌ని అశ్విన్ రనౌట్ చేసినప్పుడు ఎంత గొడవైందో గుర్తుందిగా! రూల్ ప్రకారం అవుటే అని కొందరు, ఇదేం ఆటరా బాబూ అని కొందరు. సరిగ్గా ఇలాంటి వాదనే 1908లో అమెరికాలో ఒక సీజన్ మొత్తాన్ని తేల్చింది. అందులో నిందంతా మోసిన ఆటగాడు ఫ్రెడ్ మెర్కిల్. అప్పటికి అతని వయసు 19. నా వయసే. అందుకే ఈ కథ దగ్గర ఆగి కాస్త లోతుగా చదివాను.

ముందు ఆట అర్థం కావాలి

బేస్‌బాల్‌లో నాలుగు బేస్‌లు ఉంటాయి. హోమ్ ప్లేట్ దగ్గర మొదలుపెట్టి మిగతా మూడూ చుట్టి మళ్ళీ హోమ్‌కి వస్తే ఒక పరుగు. ఒక్కో జట్టుకి 9 ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌కి 3 అవుట్లు. సొంత మైదానం ఉన్న జట్టు ఎప్పుడూ రెండోసారి బ్యాటింగ్ చేస్తుంది.

ఒక బేస్ మీద ఇద్దరు ఉండకూడదు. కాబట్టి బ్యాటర్ హిట్ కొట్టి మొదటి బేస్‌కి పరిగెడితే, అక్కడ ముందే ఉన్నవాడు రెండో బేస్‌కి వెళ్ళి తీరాలి. అతను చేరేలోపు ఫీల్డర్ బంతి పట్టుకుని ఆ బేస్‌ని తొక్కితే చాలు, అవుట్. దీన్ని ఫోర్స్ అవుట్ అంటారు. అసలు మెలిక ఇక్కడుంది: ఆ ఫోర్స్ అవుట్ మూడో అవుట్ అయితే, ఈలోపు ఇంకొకడు హోమ్ చేరినా ఆ పరుగు చెల్లదు.

సెప్టెంబర్ 23

ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో న్యూయార్క్ జెయింట్స్, చికాగో కబ్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్ మూడూ నువ్వా నేనా అన్నట్టు ఉన్నాయి. న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్‌కి, కబ్స్‌కి మ్యాచ్. రోజూ మొదటి బేస్ దగ్గర ఆడే ఫ్రెడ్ టెన్నీకి నడుం నొప్పి రావడంతో, అతని బదులు మెర్కిల్‌ని దింపారు.

స్కోరు 1-1. తొమ్మిదో ఇన్నింగ్స్ చివర, అప్పటికే రెండు అవుట్లు. మెకార్మిక్ మొదటి బేస్ మీద ఉన్నాడు. మెర్కిల్ హిట్ కొట్టాడు. మెకార్మిక్ మూడో బేస్‌కి చేరాడు, మెర్కిల్ మొదటి బేస్ మీద ఆగాడు. తర్వాత వచ్చిన బ్రిడ్‌వెల్ కూడా హిట్ కొట్టాడు. మెకార్మిక్ హోమ్‌కి వచ్చేశాడు. 2-1, జెయింట్స్ గెలిచేశారు అనుకుని జనం మైదానంలోకి దూకేశారు.

మెర్కిల్ సగం దూరం వెళ్ళి, రెండో బేస్‌ని తొక్కకుండానే డ్రెస్సింగ్ రూమ్ వైపు తిరిగాడు. అప్పట్లో గెలుపు పరుగు వచ్చాక అందరూ చేసేది అదే. కానీ కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతి కోసం కేకలు వేశాడు. ఆ గందరగోళంలో అతని చేతికి వచ్చింది అసలు బంతేనా కాదా అన్నది ఇప్పటికీ వివాదమే. ఏదైతేనేం, బంతి పట్టుకుని రెండో బేస్‌ని తొక్కాడు. అంపైర్ హ్యాంక్ ఓడే మెర్కిల్‌ని అవుట్ ఇచ్చాడు. పరుగు చెల్లలేదు. జనంతో నిండిన మైదానంలో ఆట కొనసాగే వీలు లేక మ్యాచ్ టై అయింది.

అంతకు 19 రోజుల ముందు

సెప్టెంబర్ 4న పిట్స్‌బర్గ్‌లో అచ్చం ఇదే జరిగింది. పైరేట్స్ ఆటగాడు వారెన్ గిల్ రెండో బేస్‌ని తొక్కకుండా వెళ్ళిపోయాడు. ఎవర్స్ ఇలాగే అప్పీలు చేశాడు. అంపైర్ కూడా ఇదే ఓడే! తాను చూడలేదన్నాడు, పరుగు చెల్లింది, కబ్స్ ఫిర్యాదుని లీగ్ కొట్టేసింది.

మన భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటేషన్‌లో ఉన్న రూల్‌ని ఎన్నో ఏళ్ళు ఎవరూ ఎన్‌ఫోర్స్ చేయలేదు. ఒకరోజు వార్నింగ్ కూడా లేకుండా నేరుగా ఎర్రర్ ఇచ్చారు. ఓడే తీర్పు రూల్ ప్రకారం సరైనదే, అందులో నాకు సందేహం లేదు. కానీ గిల్ చేస్తే ఎవరికీ పట్టని పని, మెర్కిల్ చేస్తే నేరం ఎలా అయింది?

లెక్క సరిచూద్దాం

సీజన్ ముగిసేసరికి కబ్స్, జెయింట్స్ ఇద్దరూ 98 గెలుపులు, 55 ఓటములతో సమానం. టై అయిన మ్యాచ్‌ని అక్టోబర్ 8న మళ్ళీ ఆడించారు. కబ్స్ 4-2తో గెలిచి లీగ్ టైటిల్ ఎగరేసుకుపోయారు. పత్రికలు మెర్కిల్‌కి 'బోన్‌హెడ్' అని పేరు పెట్టాయి. అంటే బుర్రలో గుజ్జు లేదు, ఎముకే ఉందని!

ఇప్పుడు స్కోరు పట్టిక చూడండి. మెర్కిల్ సంఘటన తర్వాత, సెప్టెంబర్ 29 నుంచి అక్టోబర్ 3 లోపు, ఫిలడెల్ఫియా పిచర్ హ్యారీ కోవెలెస్కీ ఒక్కడే జెయింట్స్‌ని మూడుసార్లు ఓడించాడు. వాటిలో రెండు గెలిచినా అక్టోబర్ 8 మ్యాచ్ అవసరమే ఉండేది కాదు. పైగా ఆ రోజు మెకార్మిక్‌ని మూడో బేస్‌కి చేర్చింది మెర్కిల్ కొట్టిన హిట్టే. 154 మ్యాచ్‌ల సీజన్‌లో పోయినవన్నీ పక్కన పెట్టి, కళ్ళకు కనిపించిన ఒక్క అడుగుని పట్టుకున్నారు.

జట్టు మేనేజర్ జాన్ మెక్‌గ్రా మాత్రం అలా లెక్క వేయలేదు. ఎన్నో మ్యాచ్‌లు ఓడిపోయాం, ఈ కుర్రాడిని అంటే ఏం లాభం అన్న పద్ధతిలో అతన్ని వెనకేసుకొచ్చాడు, 1916 దాకా జట్టులో ఉంచుకున్నాడు. మెర్కిల్ తర్వాత అయిదు వరల్డ్ సిరీస్‌లు ఆడాడు. అందులో ఒకటి కబ్స్ తరఫునే! అయినా 1956లో చనిపోయేదాకా ఆ పేరు అతన్ని వదల్లేదు.

కబ్స్ 1908 వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు. మళ్ళీ గెలవడానికి 2016 దాకా, అంటే 108 ఏళ్ళు పట్టింది.

మన దగ్గర ప్రాజెక్ట్ డెమో ఫెయిలైతే, చివరి కమిట్ ఎవరిదో చూసి వాళ్ళ మీద పడిపోతాం. ఈసారి అలా చేసేముందు మిగతా కమిట్లు కూడా చదువుదాం. మెక్‌గ్రా చేసింది అదే.