సంకల్పబలము - వినయము

దృఢసంకల్పము మానవుని ఎంతదూరమైనను నడిపింపగలదు. అయితే గమ్యము చేరిన పిదప అతనిని నిలుపునది వినయమే. ఆఫ్రికా ఖండమందలి హేస్టింగ్స్ బండా జీవితము ఇందుకు నిదర్శనము.

నేటి మలావీ అప్పుడు బ్రిటిష్ వారి యేలుబడిలో నుండెను. అచ్చటి కసుంగు ప్రాంతమున, సుమారు 1898లో, కర్షకకుటుంబమున బండా జన్మించెను. ఇరువదియేండ్లు నిండకమునుపే విద్యాకాంక్షతో ఇల్లు విడిచి, కాలినడకను దక్షిణమునకు పయనమయ్యెను. రొడీషియాలోని హార్ట్లీ ఆసుపత్రిలో పరిచారకుడుగను, పిదప జోహానెస్‌బర్గ్ గనులలోను పనిచేసెను. 1925లో అమెరికా చేరి, 1937లో నాష్‌విల్ నగరమందలి మెహారీ కళాశాలలో వైద్యపట్టము పొందెను. బ్రిటిష్ రాజ్యమున వైద్యము చేయుటకు అది చాలదు. కావున నలుబదియేండ్ల ప్రాయమున ఎడింబరోలో మరల విద్యార్థియై, 1941లో అర్హత సంపాదించెను.

1958లో స్వదేశమునకు మరలివచ్చి, స్వాతంత్ర్యోద్యమమును నడిపెను. 1964లో దేశము స్వతంత్రమయ్యెను. కాని 1971లో బండా యావజ్జీవాధ్యక్షుడై, తన్ను కాదన్నవారిని చెరలో పెట్టించెను. తుదకు 1994 ఎన్నికలలో ప్రజలే అతనిని తొలగించిరి.

రోగి చెప్పునది ఓపికతో వినుట వైద్యుని ప్రథమధర్మము; పాలకునికిని అదియే ధర్మము. నలుబదియేండ్ల వయస్సున శిష్యుడుగా కూర్చుండగలిగిన వినయము అధికారపీఠమున కొఱవడెను.

1991లో మలావీలోనే వైద్యకళాశాల వెలసినది. వైద్యులు కాగోరు గ్రామీణబాలబాలికలు ఇప్పుడు ఖండములు దాటనక్కఱలేదు. వారు ఆ బాలుని పట్టుదలను గైకొందురు గాక! వినుట మాత్రము ఎన్నడును మానకుందురు గాక!