ఒక్కసారే నకలు: రావు–జాన్సన్ ప్రయోగం

పూర్ణా మార్కెట్‌లో వంకాయలు ఏరుతుంటే వేలికి ముల్లు గీరుకుందనుకోండి. ఆ గాటు మానాలంటే కొత్త కణాలు పుట్టాలి. విడిపోయేముందు ప్రతి కణమూ సుమారు 600 కోట్ల క్షార జతలున్న తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి, అదీ ఒక్కసారే. ఈ పని జరిగే ఎస్ దశకు సుమారు 8 గంటలు పడుతుంది. దానికి ముందుది జీ1, తర్వాతది జీ2.

రెండోసారి నకలు జరగకుండా ఆపేదెవరు? 1970లో మనవాడు పి.ఎన్.రావు, ఆర్.టి.జాన్సన్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో దారి చూపించారు. నిర్వీర్యం చేసిన సెండాయ్ వైరస్‌తో ‘హీలా’ అనే మానవ కణాలను జతలుగా అతికించారు. ఎస్ దశలోని కణంతో కలిసిన జీ1 కేంద్రకం తొందరపడి నకలు మొదలుపెట్టింది. జీ2 కేంద్రకం మాత్రం ఉలకలేదు, పలకలేదు. అంటే ఎస్ కణద్రవ్యంలో ప్రేరకం ఉంది, కానీ ఒకసారి నకలైన డీఎన్ఏ దానికి లొంగదు. ఎంత చవకైన ఉపాయం, ఎంత పెద్ద జవాబు!

కారణం తర్వాత తేలింది. నకలు మొదలయ్యే చోట్ల ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1 అనే ప్రొటీన్లు కలిసి ఎంసీఎం ప్రొటీన్లను డీఎన్ఏపైకి ఎక్కిస్తాయి. ఇదే ‘లైసెన్సింగ్’. జీ1 దాటాక సీడీకే ఎంజైములు, జెమినిన్ అనే ప్రొటీన్ కలిసి కొత్త లైసెన్సులను అడ్డుకుంటాయి. జెమినిన్ పట్టేది సీడీటీ1నే. సీడీకేల వంటి కణచక్ర నియంత్రకాలను కనుగొన్నందుకు 2001 వైద్య నోబెల్ శాస్త్రవేత్తలు హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు దక్కింది.