మూగజీవి జబ్బు – రెండవ వైద్యుని సలహా

మన ఊళ్ళలో పశువుల డాక్టరంటే ఆవులకు, గేదెలకు, కాడెద్దులకు. పిల్లికి జబ్బు చేస్తే ఏ గాదె చాటుననో పడుకొనేది. కోలుకుంటే తిరిగి వచ్చేది. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు మాత్రం పిల్లి, కుక్క ఇంటి మనుషులతో సమానం. ఆ జీవికి ప్రాణం మీదికి వచ్చినపుడు నిర్ణయించవలసినవారు తల్లిదండ్రులు. డాక్టరుగారు ఒక మాట చెప్పిన తరువాత మరొకరిని అడిగితే ఆయనను అవమానించినట్లవుతుందేమోనని మనలో చాలామందికి సంకోచం. ఈ సంకోచం ఎంత నష్టం తేగలదో ఒక జబ్బు చరిత్ర తెలుపుతుంది.

ఆ జబ్బు పేరు ఫెలైన్ ఇన్ఫెక్షస్ పెరిటొనైటిస్, క్లుప్తంగా ఎఫ్.ఐ.పి. పిల్లుల ప్రేగులలో సాధారణంగా ఉండే ఒక కొరోనావైరస్ వలన చాలా పిల్లులకు పెద్ద హాని కలుగదు. కొద్ది పిల్లులలో మాత్రం అది మార్పు చెంది, ఒక రకపు తెల్ల రక్తకణాలలో చేరి శరీరమంతా వ్యాపిస్తుంది. విడవని జ్వరం, చిక్కిపోవడం, కడుపులోనో ఛాతీలోనో పసుపుపచ్చని చిక్కటి ద్రవం చేరడం దీని లక్షణాలు. కొన్నిటికి కళ్ళు, మెదడు దెబ్బతింటాయి. 1963లో బాస్టన్‌లో జీన్ హోల్జ్‌వర్త్ ఈ జబ్బును వర్ణించిన నాటి నుండి అర్ధ శతాబ్దికి పైగా "దీనికి మందు లేదు" అన్నదే వైద్యుల మాట. 2018లో మా పిల్లి విషయంలో మేమూ అదే విన్నాము. ఆనాటికి అది నిజమే.

2019లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన నీల్స్ పెడర్సన్ బృందం, ఈ జబ్బు సోకిన 31 పిల్లులకు జి.ఎస్.-441524 అనే మందు ఇచ్చి ఫలితాలను ప్రకటించింది. 26 పిల్లులు కనీసం 12 వారాల చికిత్స పూర్తి చేశాయి. కొన్నిటికి జబ్బు తిరగబెట్టగా మళ్ళీ మందు ఇచ్చారు. చివరకు 25 పిల్లులు దీర్ఘకాలం బ్రతికాయి.

ఈ మందు పనిచేసే తీరు ముచ్చటైనది. వైరస్ తన ఆర్.ఎన్.ఎ.ను నాలుగు రకాల పూసలతో దండ గుచ్చినట్లు కూర్చుకుంటుంది. వాటిలో ఒకటైన అడినోసిన్‌ను పోలిన దొంగపూస ఈ మందు. అసలు పూసలో చక్కెర భాగాన్ని, క్షార భాగాన్ని కలిపేది కర్బన-నత్రజని బంధం. దీనిలో కర్బన-కర్బన బంధం. కనుక సులభంగా తెగదు. జీవకణం దీనికి మూడు ఫాస్ఫేట్లు తగిలించగా, ఇది ఏ.టి.పి.ని పోలి, వైరస్ ఎంజైమును మోసగించి దండలో చేరుతుంది. కొద్ది పూసల తరువాత కూర్పు ఆగిపోతుంది. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

అమెరికాలో మందు అందడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. ఈలోగా ఎందరో దొంగ బజారులో కొని తామే సూదులు వేసుకున్నారు. 2024 మే నెలలో ఎఫ్.డి.ఎ., పశువైద్యుని చీటీపై ఫార్మసీలు తయారుచేసి ఇచ్చే ఈ మందు విషయంలో చర్య తీసుకోబోమని ప్రకటించింది. జూన్ 1 నుండి స్టోక్స్ ఫార్మసీ మాత్రలు అందించసాగింది. ఇది ఎఫ్.డి.ఎ. ఆమోదం పొందిన మందు కాదని గుర్తుంచుకోవాలి. అయినా 2018లో నిజమైన మాట నేడు నిజం కాదు. రోజూ పలు జాతుల జీవాలను చూసే డాక్టరుకు ప్రతి కొత్త సంగతీ వెంటనే తెలియకపోవడం వింత కాదు.

రెండవ వైద్యుని అడగవలసిన ప్రశ్నలు రెండు. మొదటిది: జబ్బు పేరు సరియైనదేనా? రక్తంలో కొరోనావైరస్ యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన ఎఫ్.ఐ.పి. అని తేలదు. గుండె జబ్బు, క్యాన్సరు, బాక్టీరియా వలన కూడా కడుపులో నీరు చేరవచ్చును. ఆ ద్రవాన్ని తీసి పరీక్షించారా? రెండవది: "మందు లేదు" అంటే అసలే లేదనా, ఇక్కడ లేదనా, మన స్తోమతకు మించినదనా?

ఇలా అడగడం అవిశ్వాసం కాదు. కోరినపుడు రికార్డుల నకలు ఇవ్వాలని అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ నీతి నియమాలే చెబుతున్నవి. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు వెంట తీసుకువెళితే అవే మళ్ళీ చేయించే ఖర్చు తప్పుతుంది. డేవిస్, కోర్నెల్, నార్త్ కరోలినా స్టేట్ వంటి విశ్వవిద్యాలయాల పశువైద్యశాలలలో నిపుణులు ఉన్నారు. ఈ జబ్బు రోజులలోనే ముదురుతుంది. రేపటికి వాయిదా వేయరాదు.

రెండవ వైద్యుడు కూడా అదే మాట చెప్పవచ్చును. అపుడు బాధ లేకుండా సాగనంపడమే ధర్మం. మనకు నచ్చిన జవాబు దొరికేవరకు మూడవ, నాలుగవ గుమ్మం ఎక్కితే, ఆ రోజులన్నీ నొప్పి భరించేది ఆ మూగజీవి.

మా పిల్లి పోయిన రాత్రి మా అమ్మాయి, "ఇంకో డాక్టరుని అడిగావా నాన్నా?" అన్నది. అడిగినా ఫలితం మారేది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. కానీ ఆ రాత్రి ఆమెకు ఆ మాట చెప్పలేకపోయాను. నేను అడగలేదు కనుక.